ఎడమ కాలి మేజోడు

మొదటి విడత దుప్పట్లు తిరగడం ఆగేసరికి కిటికీలో ఇంకా ఎవరి కాళ్ళూ కనిపించలేదు. ఆ ఉతుకుగది నేలమాళిగలో ఉంది. దానికి ఒకటే కిటికీ, అదీ గోడకు బాగా పైన, కప్పును ఆనుకుని. బయట పెరటి నేలకు అది సమానంగా ఉంటుంది. అందుకని లోపల పనిచేసేవాళ్ళకు పెరట్లో తిరిగే మనుషులు మోకాళ్ళ కింది భాగం మాత్రమే కనిపిస్తారు. లాండ్రీ అమ్మాయికి ఆ మాజీ సైనికుల వసతిగృహంలో అందరూ ముందు కాళ్ళుగానే తెలుసు. బ్యాండు మాస్టారు నడిస్తే బూట్లు తాళం వేసినట్టు పడేవి. వైర్‌లెస్ ఆయన ఒక చెప్పు ఈడ్చేవాడు. రెండు చేతికర్రల మొనలు, వాటి మధ్య ఒక్క నల్ల బూటు వస్తే డ్రైవరు బాబాయ్. ఆ బూటు కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందు భాగంతో నేల మీద తట్టి, మళ్ళీ సాగేది. చలికాలం మొదలైనప్పటి నుంచీ అది రాలేదు.

ఆమె యంత్రం మూత తీసి తడి దుప్పట్లను గంపలోకి లాగింది. ఆమెకు నలభై దాటి చాలాకాలమైంది. పనిలో చేరినప్పుడు లాండ్రీ అమ్మాయి అన్నారు. ఇప్పుడు చెవుల పక్కన జుట్టు తెల్లబడినా అమ్మాయి అనే అంటున్నారు. గోళ్ళ చుట్టూ చర్మం సబ్బునీళ్ళకు పగిలి తెల్లగా ఉండేది. కుడి మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, గోధుమరంగులో, చిన్న ఆకులా ఉండేది. దుప్పటి అంచు దొరకబుచ్చుకుని ఒక్క విదుపు విదిలిస్తే నీటి తుంపర గోడదాకా వెళ్ళేది. ఆ విదుపు వల్లే సగం ముడతలు పోతాయని, ఇస్త్రీ పని తగ్గుతుందని ఆమె నమ్మకం.

ఈ రోజు ఆమె సెలవులో ఉన్నట్టే లెక్క. కానీ ఉతుకుడు ఆగితే మర్నాటికి ఎవరికీ దుప్పటి ఉండదు. ఆమె బదులు వస్తానన్న వంటావిడ మరదలికి ఈ యంత్రం సంగతి తెలియదు. మూడో విడతకు అది మొరాయిస్తుంది, పక్కన మోకాలితో ఒక్కటి తగిలించాలి. ఎక్కడ తగిలించాలో ఆమె సుద్దముక్కతో గుండ్రంగా గుర్తు పెట్టింది.

తలుపు పక్కన ఖాళీగా ఉన్న సిమెంటు దిమ్మె వైపు చూసింది. చూడడం అలవాటు. దుప్పట్లు, దిండు గలీబులు వారం వారం గంపల్లో వస్తాయి. కంబళి మాత్రం కాలం మారినప్పుడే వస్తుంది. కాలం మారకుండా కంబళి కిందికి వచ్చిందంటే, మంచం మీదివన్నీ ఒకే దుప్పటిలో మూటగట్టి, నాలుగు మూలలూ ముడివేసి, ఆ దిమ్మె మీద పెట్టారంటే, పైన ఒక మంచం ఖాళీ అయిందని అర్థం. ఎవరూ వచ్చి చెప్పరు, చెప్పనక్కర్లేదు. దిమ్మె మీద ఏమీ లేదు. ఆమె చేతులు తుడుచుకుని గూట్లోంచి తన సంచీ తీసింది. సంచీలో సీసాతో నీళ్ళు, కాగితంలో చుట్టిన రొట్టె, అడుగున మడత విప్పని ఒక కొత్త మేజోడు ఉన్నాయి.

ఒక్కటే మేజోడు.

ఆమె చేరిన కొత్తలో, వానాకాలంలో, పై అంతస్తు నుంచి వచ్చే బట్టల్లో ఎప్పుడూ ఒక మేజోడు ఒంటరిగా వచ్చేది. జత లేదు. ఆమె యంత్రం డ్రమ్ములో చెయ్యి పెట్టి వెతికింది, యంత్రం వెనక వెతికింది, తూము మూత ఎత్తి పుల్లతో కెలికింది. మర్నాడు మళ్ళీ ఒక్కటే. అలా చాలా రోజులు. చేరి నెలైనా కాలేదు, ఉద్యోగం ఊడుతుందని ఆమెకు నిద్ర పట్టలేదు. వాన వల్ల పెరట్లో ఎవరూ తిరగడం లేదు కాబట్టి ఇంకా ఎవరి కాళ్ళూ ఆమెకు తెలియవు. చివరికి ధైర్యం చేసి ఆ ఒంటి మేజోడును ఇస్త్రీ చేసి, అరచేతిలో పెట్టుకుని పైకి వెళ్ళింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, నడుము దాకా కంబళి కప్పుకుని. మీ సాక్సు ఒకటి నా దగ్గర పోయింది, ఎంత వెతికినా దొరకలేదు, క్షమించండి అని ఆమె తలవంచుకుని చెప్పింది. ఆయన ముఖం చాలా గంభీరంగా పెట్టాడు.

“ఏ కాలిది?” అని అడిగాడు.

“తెలియదు బాబాయ్.”

“ఎడమ కాలిదై ఉంటుంది. నేనూ చాలా ఏళ్ళుగా దాన్నే వెతుకుతున్నాను. నీకూ దొరకలేదన్నమాట.”

అని కంబళి తొలగించాడు. ఆమె ముఖం కందిపోయింది. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. సాయంత్రానికి ఆ కథ భోజనాల గదంతా తిరిగింది. ఉతికే మనిషి తప్ప ఇంకెవరూ అలాంటి పొరపాటు చెయ్యలేరని అందరూ అన్నారు. బ్యాండు మాస్టారైతే ఆమె ఎదురుపడినప్పుడల్లా, దొరికిందా అని అడిగేవాడు.

డ్రైవరు బాబాయ్ సొరుగు నిండా కొత్త మేజోళ్ళు ఉండేవి. ప్రతి ఏడూ అందరితో పాటు ఆయనకూ జతలే ఇచ్చేవారు. జత విప్పగానే ఒకదాన్ని పైకెత్తి, ఇది ఎడమది అనేవాడు. ఇక దాన్ని ముట్టుకునేవాడు కాదు. మేజోళ్ళకు కుడి ఎడమలేమిటి, రెండూ ఒక్క కాలికే వాడుకోవచ్చు కదా, ఇంత దుబారా ఏమిటని వార్డెనమ్మ విసుక్కునేది. ఎడమ కాలి వస్తువు కుడి కాలికి తొడిగితే ఆ కాలు ఏమనుకుంటుందండీ అని ఆయన జవాబు. పొరపాటున కలిసిపోకుండా ఎడమవాటి అంచు మీద ఎర్రదారంతో చిన్న గుర్తు కుట్టిపెట్టమని లాండ్రీ అమ్మాయిని అడిగాడు. ఆమె కుట్టేది. ఎందుకని అడగలేదు. తన గదిలో కూడా వాడని కంచం ఒకటి ఉంది, దాన్నీ రోజూ తుడుస్తుంది.

ఆరిన బట్టలు తీసుకుని సాయంత్రం పైకి వెళితే ఆయన ఒకే మాట అడిగేవాడు. “ఇవాళ ఏం చూశావ్?”

మొదట్లో ఆమెకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఆ గదిలోంచి ఏం కనబడుతుంది, కాళ్ళు తప్ప? తరవాత తరవాత కాళ్ళ సంగతులే చెప్పేది. వార్డెనమ్మ చెప్పు పిన్నీసుతో నడుస్తోందనీ, పిల్లి ఒకటి కిటికీ చువ్వల్లోంచి తల దూర్చి ఆవిరికి తుమ్మిందనీ. ఆయన ఆ తుమ్ము ఎలా ఉందో అడిగేవాడు. ఆమె సిగ్గుపడుతూనే చేసి చూపించేది. పని అయ్యాక ఆమె బట్టలు కుట్టే దుకాణం వెనక ఉన్న తన అద్దె గదికి వెళ్ళి, తాళం తీసి, దీపం వేసుకునేది. అక్కడ ఆ మాట అడిగేవాళ్ళు లేరు. అందుకని పగలంతా కనబడినదాన్నల్లా, సాయంత్రం ఒకరికి చెప్పాలన్న ఆశతో, పదిలంగా మనసులో మడతపెట్టుకునేది. అలా ఎన్నో ఏళ్ళు గడిచాయి.

గేటు దగ్గర బస్సు హారన్ మోగింది. ఆమె పరుగులాంటి నడకతో మెట్లెక్కి, ముందు ఆయన గదిలోకి తొంగిచూసింది. ఆయన మేలుకునే ఉన్నాడు. దిండ్లు ఎత్తుగా పెట్టి ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా మెడ దగ్గర గుంట పడుతోంది. ఎక్కువ కాలం పట్టదక్కా అని నర్సు మెట్ల మీద చెప్పి వారం అయింది.

“వేసుకున్నావా?” అన్నాడు.

“బస్సులో వేసుకుంటాను బాబాయ్. రెండోది కూడా ఇస్తే బాగుండేది, కుడి కాలిది నాది పాతబడిపోయింది.”

“రెండు కాళ్ళకూ ఎడమవే వేసుకుంటే గుండ్రంగా తిరుగుతూ ఉంటావు. ఇల్లు చేరవు.” ఆయన నవ్వబోయి ఆగి, ఊపిరి కూడదీసుకున్నాడు. “గుర్తుందిగా. పొట్టి గోడ, మోకాలి దాకా. రోడ్డు అక్కడ ఎడమకు తిరుగుతుంది.”

“గుర్తుంది.”

“రాగానే పైకి రా. కాళ్ళు కూడా కడుక్కోకు.”

అలాగేనంది. కంబళి కాలి దగ్గర జారి ఉంటే సర్దింది. ఆ కంబళికి ఒక మూల చిరుగు ఉండేది. దాన్ని ఆమే ఎర్రదారంతో కుట్టింది, వేరే రంగు లేక.

ఆ నడక ఏటా జరిగేది. పాత యుద్ధభూముల మీదుగా, కోట ఉన్న కొండ నుంచి నది దాకా, ఊళ్ళోవాళ్ళు గుంపుగా నడిచేవారు. వాళ్ళు నడిచినందుకు చుట్టాలూ స్నేహితులూ ఇచ్చే చందాలన్నీ వసతిగృహానికి వచ్చేవి. చక్రాల కుర్చీలు, మందులు, చివరికి ఆ మొరాయించే యంత్రం కూడా అలా వచ్చినవే. వసతిగృహం తరపున ఒక మనిషి అందరికన్నా వెనక నడవాలి. దారి తెలియడానికి కట్టిన పసుపు రిబ్బన్లు విప్పుకుంటూ రావాలి, ఎవరినీ దాటిపోకూడదు. ఎప్పుడూ తోటమాలి వెళ్ళేవాడు. ఈసారి అతని మోకాలు వాచింది. ఎవరు వెళతారని వార్డెనమ్మ భోజనాల గదిలో అడిగితే లాండ్రీ అమ్మాయి చెయ్యి ఎత్తింది. ఆమె అంతకుముందు దేనికీ చెయ్యెత్తలేదు. వార్డెనమ్మ ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎడమ కాలికి ఆ మేజోడు తొడుక్కుంది. మందంగా, వెచ్చగా ఉంది. వేలి దగ్గర కొంచెం ఖాళీ మిగిలింది.

నడక మొదలైన చోట రాతి స్తంభం ఉంది. మైకు పట్టుకున్న ఆయన ఆ కొండ మీద ఏ సేన ఎటు నిలబడిందో, ఫిరంగులు ఎక్కడ పెట్టారో చెప్పాడు. అందరూ ఆయన చెయ్యి చూపించిన వైపు తల తిప్పారు. అక్కడ గడ్డి, గాలి ఉన్నాయి. లాండ్రీ అమ్మాయి కూడా చూసింది. ఆమెకు ఆ గాలిలో దుప్పట్లు ఎంత త్వరగా ఆరతాయో అనిపించింది. వెంటనే, ఇది చెప్పాలి అనుకుంది.

గుంపు కదిలింది. ఆమె స్తంభానికి కట్టిన మొదటి రిబ్బను విప్పి సంచీలో వేసుకుంది. కొంతసేపటికి ముందున్నవాళ్ళు చీమల బారులా అయిపోయారు. ఆమె ముందు ఒకే ఒక్క మనిషి మిగిలాడు. పోస్టాఫీసు గుమాస్తా, లావుపాటి మనిషి. ఈ నడక కోసమే కొత్త బూట్లు కొన్నాడు. అవి కరుస్తున్నాయి. పది అడుగులు వేసి ఆగేవాడు, ఒంటికాలి మీద నిలబడేవాడు, మళ్ళీ నడిచేవాడు.

“నువ్వు ముందు వెళ్ళు చెల్లెమ్మా, నేను మెల్లిగా వస్తాను,” అన్నాడు.

“నేను వెళ్ళకూడదండీ. మీ వెనకే రావాలి.”

“అంటే నేను పడిపోతే ఎత్తుకెళ్ళడానికా?”

“ఎత్తలేను. రిబ్బను కట్టి వెళతాను, ఎవరైనా వచ్చి తీసుకుపోతారు.”

ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది. అతను నడుం పట్టుకుని నవ్వాడు. తన అన్న ఈ వసతిగృహంలోనే ఉండేవాడనీ, ఉన్నన్నాళ్ళూ చూడ్డానికి తీరిక చేసుకోలేదనీ, అందుకే ఏటా ఇలా నడుస్తాననీ చెప్పాడు. అన్న ఎవరో ఆమెకు ముఖం గుర్తు రాలేదు. ఏ పక్కకు అరిగిన బూట్లో గుర్తొచ్చింది. ఆ మాట చెబితే అతనికి ఎలా ఉంటుందోనని ఊరుకుంది.

మనసులో మాత్రం తొందర. ఇతను ఇలా నడిస్తే నది చేరేదెప్పుడు, బస్సు కదిలేదెప్పుడు? ఆమె ఎదురుగా కనబడుతున్న ప్రతి మలుపునూ ముందే చూపులతో చేరుకుని, గోడ కోసం వెతికి, వెనక్కి వచ్చి అతని మడమల దగ్గర ఆగేది.

ఈ దారిలోని ఆ గోడ సంగతి డ్రైవరు బాబాయ్ ఒక్కసారే పూర్తిగా చెప్పాడు. ఎండలో ఆరిన దుప్పటి ఆయన ఒళ్ళో పెట్టినప్పుడు దాని వాసన చూసి చెప్పాడు. రేషను లారీ నడుపుతూ ఉండగా చక్రం కింద మందుపాతర పేలింది. ఎవరో లాగి గోడకు ఆనించి, మళ్ళీ వస్తామని వెళ్ళారు. పొద్దున నుంచి చీకటి పడేదాకా ఎవరూ రాలేకపోయారు. రోడ్డుకు అవతల ఒక ఇల్లు, తలుపు బార్లా తెరిచి ఉంది, మనుషులు లేరు. కిటికీ చువ్వకూ ఒక గుంజకూ కట్టిన తాడు మీద బట్టలు. రెండు దుప్పట్లు, మగవాళ్ళ చొక్కా, చిన్నపిల్ల పసుపు గౌను. రోజంతా ఆయన వాటినే చూశాడు. గాలి వస్తే గౌను ఎగిరేది, పేలుడు వస్తే అన్నీ ఒక్కసారి అటు వంగేవి. స్ట్రెచరు ఎత్తినప్పుడు, వాన వచ్చేలా ఉంది, ఎవరైనా ఆ బట్టలు తీయండి అన్నాడట. మతి చలించిందనుకున్నారు. “వాళ్ళు తిరిగి వచ్చారంటావా?” అని ఆ తరవాత ఎన్నోసార్లు అడిగాడు. కాలు గురించి ఎప్పుడూ అడగలేదు. ఆమెకు జవాబు తెలియదు. కానీ ఆ సాయంత్రం నుంచి చీకటి పడ్డాక తాడు మీద ఒక్క బట్ట కూడా వదల్లేదు.

మబ్బు పట్టింది. పోస్టాఫీసు గుమాస్తా ఒక మలుపు దగ్గర ఇక నా వల్ల కాదని కూలబడి బూట్లు విప్పాడు. రెండు మడమలూ చర్మం లేచి ఎర్రగా ఉన్నాయి. ఆమె నీళ్ళ సీసా ఇచ్చింది. ఇచ్చి, అతను కూర్చున్నది దేని మీదో చూసింది. పొట్టి గోడ. సున్నం కొట్టి ఉంది, చాలాసార్లు కొట్టి, పొరలు పొరలుగా లేచి ఉంది. రోడ్డు అక్కడ ఎడమకు తిరుగుతోంది.

ఆమె మెల్లిగా తల ఎత్తింది. రోడ్డుకు అవతల ఇల్లు ఉంది. పైన రేకుల కప్పు కొత్తది, గోడలు పాతవి. ముందు తాడు. తాడు మీద దుప్పట్లు, లంగాలు, పిల్లల నిక్కర్లు. ఆమెకన్నా పెద్దావిడ ఒకామె చినుకులు మొదలవుతాయని ఆకాశం వంక చూస్తూ గబగబా తీస్తోంది. ఒకచేత్తో తీసి ఒక భుజాన వేసుకుంటోంది. తడి అంచు నేలకు రాసుకుంటోంది.

లాండ్రీ అమ్మాయి రోడ్డు దాటింది. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. కాళ్ళు వెళ్ళిపోయాయి. నేలకు జారుతున్న దుప్పటి రెండో కొస పట్టుకుంది.

“రాతిస్తంభం ఇటు కాదు, అటు కొండ మీద,” అంది ఆవిడ, ఆమె మెడలోని వసతిగృహం బిళ్ళ చూసి. “ఏటా ఇలాగే పోతారు. అటు చూస్తూ పోతారు. ఇటు మా బట్టలు తప్ప ఏమీ లేవు.”

“నేను బట్టలు చూడ్డానికే వచ్చాను,” అంది ఆమె.

ఆవిడ వింతగా చూసింది. అయినా దుప్పటి వదల్లేదు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగి, సగానికి మడిచి, ఒకరికొకరు ఎదురు నడిచి అంచులు కలిపారు. మళ్ళీ వెనక్కి జరిగారు. దుప్పటి మడతపెట్టడం తెలిసిన ఇద్దరు ఆడవాళ్ళకు పరిచయాలు అక్కర్లేదు. రెండో దుప్పటి మధ్యలో ఆమె అడిగింది. యుద్ధం జరిగినప్పుడు ఈ ఇంట్లోవాళ్ళు వెళ్ళిపోయారట కదా, మళ్ళీ వచ్చారా అని.

“రాకపోతే నేనెవరి కోడల్నంటావు?” అంది ఆవిడ. తరవాత కాస్త మెత్తబడి చెప్పింది. “మా అత్త చెప్పేది. తిరిగొచ్చేసరికి తలుపు తీసే ఉందట. తాడు మీద బట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయట. వానకు తడిసి, ఎండి, మళ్ళీ తడిసి. పొయ్యి కూడా రాజేయకుండా ముందు అవి ఉతికిందట. పొగ వాసన పోలేదు. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఆ వాసనతోనే కట్టుకున్నారు, వేరే గుడ్డలు ఉంటేగా.”

“పసుపు గౌను ఒకటి ఉండాలి. చిన్నపిల్లది.”

ఆవిడ చేతులు ఆగాయి. “గౌను సంగతి నాకు తెలీదు. మా ఆడపడుచు అప్పుడు చిన్నదే. అది బతికుంటే అడిగేదాన్ని.” దుప్పటి భుజాన వేసుకుని, “నీకెవరు చెప్పారు?” అంది.

“ఒకాయన. అక్కడి నుంచి చూశాడు,” అని లాండ్రీ అమ్మాయి గోడ వైపు చూపించింది. గోడ మీద పోస్టాఫీసు గుమాస్తా పాదాలు ఊదుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఆవిడ అతనేనా అన్నట్టు చూసి, కాదని అర్థం చేసుకుంది. చినుకులు పడ్డాయి. మిగిలిన బట్టలు ఇద్దరూ కలిసి తీశారు. ఆఖరున ఆవిడ, “బట్టలు తీశామని చెప్పు ఆయనకి,” అంది.

రోడ్డు దాటుతూ ఆమె గుంటలో కాలు వేసింది. ఎడమ కాలు. చీలమండ దాకా బురద. ఎందుకో దానికి ఆమె సంతోషించింది. గోడ దగ్గర ఆ కాలిని కాసేపు అలాగే ఆనించి నిలబడింది. పోస్టాఫీసు గుమాస్తా బూట్లు రెండూ లేసులతో కలిపి మెడలో వేసుకుని, వట్టి కాళ్ళతో లేచాడు. నీ పుణ్యాన కాస్త కూర్చున్నాను చెల్లెమ్మా అన్నాడు. మీ పుణ్యాన నేనూ నిలబడ్డానండీ అని ఆమె అంది. వట్టి కాళ్ళతో అతను అంతకుముందు కన్నా త్వరగానే నడిచాడు.

నది దగ్గర చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీశారు. ఆమె ఎవరి వెనకో నిలబడింది. బస్సు కదిలాక కళ్ళు మూసుకుని చెప్పవలసినదంతా వరసగా పేర్చుకుంది. ముందు కొండ మీది గాలి. తరవాత గుమాస్తా, అతన్ని రిబ్బను కట్టి వదిలేస్తానన్న మాట. దానికి ఆయన నవ్వుతాడు, దగ్గు వస్తుంది, నీళ్ళు ఇవ్వాలి. తరవాత గోడ. తరవాత ఇక ఆపకుండా, వచ్చారు బాబాయ్, వచ్చీరాగానే ఉతికారు అని చెప్పెయ్యాలి. పొగ వాసన సంగతి చెప్పాలి, అది ఆయనకు అర్థమవుతుంది. గౌను దగ్గర మాత్రం ఆగిపోయింది. దొరికిందని చెబితే ఏం పోయింది? ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన మనిషి. వంతెన దాటేదాకా దొరికిందనే చెబుదామనుకుంది. వంతెన దాటాక, ఆయన ముఖం చూస్తూ అబద్ధం ఆడలేననిపించింది. ఊళ్ళో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. గేటు వచ్చేసింది. ఇంకా తేల్చుకోలేదు.

పనివాళ్ళ దారి నేలమాళిగ లోంచే. ఆమె మెట్లు దిగి, ఉతుకుగది దాటి, పైమెట్ల వైపు వెళ్ళబోయింది. తలుపు పక్క దిమ్మె మీద మూట ఉంది. నాలుగు మూలలూ ముడివేసి. ముడి సందులోంచి కంబళి మూల బయటికి వచ్చింది. దాని మీద ఎర్రదారం.

ఆమె అక్కడే నిలబడిపోయింది. సంచీ భుజం మీద నుంచి మోచేతి దాకా జారింది. లోపల రిబ్బన్లు సరసరమని ఆగిపోయాయి. యంత్రం తిరగడం లేదు. సుద్దతో గీసిన గుండ్రం సగం చెరిగి ఉంది.

నర్సు మందుల ట్రే పట్టుకుని దిగి వచ్చింది. మధ్యాహ్నం భోజనం తరవాత, నిద్రలోనే అని చెప్పింది. బాధపడలేదంది. నిద్రపోయే ముందు చినుకులు పడుతుంటే కిటికీ తెరవమన్నాడట, తెరిచిందట. తరవాత లాండ్రీ అమ్మాయి కాళ్ళ వంక చూసింది.

“ఎంత బురదో చూడక్కా. అక్కడ కడుక్కోవడానికి నీళ్ళే లేవా?”

“ఉన్నాయి. కడుక్కోవద్దన్నారు.”

నర్సు ఆమె భుజం మీద చెయ్యి వేసి, పైకి వెళ్ళిపోయింది.

లాండ్రీ అమ్మాయి మూట ముడులు విప్పింది. ముడులు గట్టిగా లేవు, వంటావిడ మరదలు వేసినవేమో. దుప్పటి, గలీబు, రాత్రి చొక్కా, కంబళి. అన్నిటి మధ్యా నలిగి ఒక మేజోడు. ఎప్పటిదో, మంచం సందులో ఉండిపోయినది కాబోలు. మడమ దగ్గర వల కనబడేంత పలచగా అరిగి ఉంది. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని తన ఎడమ కాలి మేజోడు విప్పింది. బురద గట్టిపడి అచ్చు పాదం ఆకారంలో నిలబడింది. దాన్ని కొంతసేపు చేతిలో పట్టుకుంది. “వచ్చారు,” అంది, మామూలు గొంతుతో, పైకి. ఉతుకుగదిలో గొంతు కొంచెం మోగింది. గౌను సంగతి చెప్పలేదు.

యంత్రంలో వెయ్యలేదు. బకెట్టులో నీళ్ళు పట్టి, సబ్బు రాసి, రెండూ చేత్తోనే ఉతికింది. బురద నీళ్ళు గోధుమరంగుగా తూములోకి పోయాయి. చిన్న రాతిముక్క ఒకటి బకెట్టు అడుగున మిగిలింది. ఆమె దాన్ని కిటికీ అంచు మీద పెట్టింది.

పెరట్లో వాన వెలిసింది. తాడు ఖాళీగా ఉంది. వెలుతురు ఇంకా కాస్త మిగిలి ఉండగానే ఆమె రెండు మేజోళ్ళనూ పక్కపక్కన వేసి, ఒకే క్లిప్పు పెట్టింది. తరవాత తన సంచీ తీసుకుని, చేతులు కొంగుకు తుడుచుకుని, గేటు వైపు వెళ్ళింది. చీకటి పడుతున్నా వెనక్కి వచ్చి బట్టలు తీయలేదు.

తాడు మీద కుడిది పలచనిది కావడంతో అప్పుడే గాలికి కదలడం మొదలుపెట్టింది. దాని పక్కన, ఎర్రదారం గుర్తున్నది, ఇంకా బొట్టుబొట్టుగా నీళ్ళు కారుస్తూ ఉంది.